ఒంగోలు దావా తెరిచిన దారి

రామాయపట్నం పోర్టు వైపు భూములకు ధర వచ్చాక మళ్లీ అవే వార్తలు. అరవై దాటిన అక్క పుట్టింటి పొలంలో వాటా అడుగుతూ తమ్ముడికి నోటీసు పంపింది. పరిహారం పంచుకునే వేళకు ఆడపడుచులు కోర్టుకెక్కారు. ఇన్నాళ్లూ లేని హక్కు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకు చాలామంది 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పును చూపిస్తున్నారు. పాతికేళ్లుగా కుటుంబ దావాలే చూస్తున్న నాకు మాత్రం అసలు మలుపు అంతకు తొమ్మిదేళ్ల ముందే, ఒంగోలు నుంచి వెళ్లిన ఒక కేసులో కనిపిస్తుంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే, కూతురికి తండ్రి వదిలిన వాటాలోనే భాగం. ఇక ఆ కేసుకు వస్తాను. ఒంగోలు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఒక కొడుకు పంపకాల దావా వేశాడు. తండ్రి, సోదరుడు, ఇద్దరు ఆడపడుచులు ప్రతివాదులు. దావా నడుస్తుండగానే 1993లో తండ్రి పోయాడు. 1999 మార్చిలో ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికీ ఇద్దరు కొడుకులకూ తలా మూడో వంతు, తండ్రి వదిలిన మూడో వంతులో నలుగురు బిడ్డలకూ సమానం. ఆ లెక్కన ఆడపిల్లకు వచ్చేది పన్నెండో వంతు. పన్నెండు ఎకరాలుంటే ఒక్క ఎకరం.

కోర్టు పంపిన కమిషనర్ పొలం కొలిచి నివేదిక ఇచ్చాడు, ఎవరి భాగం వాళ్లకు విడగొట్టి ఇచ్చే ఫైనల్ డిక్రీ ఇంకా రాలేదు. సరిగ్గా ఆ మధ్యలో, 2005 సెప్టెంబరు 9న, కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ కేంద్ర చట్టం అమల్లోకి వచ్చింది. మాకు తలా నాలుగో వంతు కావాలని ఆ ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ఎకరం కాస్తా మూడెకరాలవుతుంది. 2009 జూన్‌లో ఒంగోలు కోర్టు ఒప్పుకుంది. ఆగస్టులో హైకోర్టు కొట్టేసింది, వాటాలు ఎప్పుడో తేలిపోయాయంది. 2011 అక్టోబరు 12న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు లోధా, ఖేహర్ హైకోర్టు ఉత్తర్వును రద్దు చేశారు. ఫైనల్ డిక్రీ అయ్యేదాకా పంపకాల దావా ముగిసినట్టు కాదని, ఈలోగా చట్టం మారితే వాటాలూ మారాలని చెప్పారు. పంపకాలు అయిపోయాయన్న ఒక్క మాటతో ఆడపిల్లను గుమ్మంలోనే ఆపేసే వాదన ఆ రోజుతో బలం కోల్పోయింది.

ఈ తీర్పు విలువ తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, 1986లో మన శాసనసభ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమలైంది. కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చిన తొలి రాష్ట్రం మనదే. అయితే ఆ తేదీకి ముందు పెళ్లయినవాళ్లకు అది వర్తించదన్నారు. కందుకూరు దగ్గరి పల్లె నుంచి నా దగ్గరికి అక్కచెల్లెళ్లిద్దరు వచ్చారు. పెద్దామె పెళ్లి 1985 మేలో, చిన్నామెది మరుసటి ఏడాది మాఘంలో. పెద్దామె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి తన పెళ్లి పత్రిక తీసింది. మూలల్లో పసుపు గోధుమరంగుకు తిరిగింది, మడత దగ్గర తేదీ చిరిగిపోబోతోంది. ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు. ఆ పత్రిక మీది తేదీ వల్ల పెద్దామెకు ఇరవై ఏళ్లపాటు పుట్టుకతో హక్కే లేకపోయింది.

అన్నదమ్ముల మాట కూడా చెప్పాలి. కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, అమ్మానాన్నలను చివరిదాకా చూసుకున్నాం అంటారు. చూసుకున్న మాట నిజమే, చాలా ఇళ్లలో ఆ కష్టం పడింది కోడళ్లే అయినా. కట్నమే వాటా అనడం మాత్రం నిలవదు. కట్నమనే దురాచారాన్ని తుడిచిపెట్టాలని 1986 చట్టం తన పీఠికలోనే రాసుకుంది. ఆ కట్నాన్నే చూపించి చట్టం ఇచ్చిన వాటాను కాదంటే ఎలా?

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు ఒక షరతు పెట్టింది. 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తీసేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పారీఖత్తు (పంపకాల దస్తావేజు) గానీ, కోర్టు డిక్రీ ద్వారా జరిగిన పంపకం గానీ ఉంటే దాన్ని కదిలించలేం. నోటిమాట పంపకాలు మాత్రం, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉంటే తప్ప, చెల్లవు.

ఆ అక్కచెల్లెళ్ల తమ్ముడి దగ్గర ఉన్నది తెల్లకాగితం మీద పెద్దమనుషులు సంతకాలు చేసిన పంపకాల చిట్టా. రిజిస్టరు కాలేదు. కూతుళ్ల పేర్లు అందులో ఎక్కడా లేవు.

"మీ పెళ్లి తేదీతో ఇప్పుడు పని లేదమ్మా, పత్రిక ఇంటికి తీసుకెళ్లండి" అన్నాను.

"ఉండనీయండి లాయరమ్మా, ఫైల్లోనే ఉండనీయండి" అంది పెద్దామె.