ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు తోడుగా: అపోహలు - వాస్తవాలు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. నల్గొండ జిల్లాలోని పల్లె నుంచి వచ్చి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ నాలుగు నెలలు తిరిగాక ఒక ఆఫీసులో అకౌంట్స్‌లో చేరాను. ఇప్పుడు ఆదివారాలు నాలాంటి ఇళ్ల నుంచి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలకు పీర్ మెంటర్‌గా, అంటే అదే దారిలో కాస్త ముందు నడిచి దారి చెప్పే తోడుగా ఉంటున్నాను. వాళ్లు మాత్రం అక్కా అనే పిలుస్తారు. మీరూ రండని తెలిసినవాళ్లను అడిగినప్పుడు నాకు వినిపించే మాటలే ఇవి.

అపోహ: పెద్ద హోదాలో ఉన్నవాళ్లే మెంటర్‌గా పనికొస్తారు.

వాస్తవం: పాతికేళ్ల సర్వీసు ఉన్నవారికి తమ మొదటి ఇంటర్వ్యూ ఏం గుర్తుంటుంది? నాకు ఇంకా గుర్తుంది. లిఫ్ట్ ఎలా వాడాలో తెలియక, ఎవరినైనా అడగాలంటే సిగ్గేసి, ఆరంతస్తులు మెట్లెక్కి చెమటలతో లోపలికి వెళ్లాను. అందుకే గేటు దగ్గర సెక్యూరిటీకి ఏం చెప్పాలో, రిజిస్టర్లో ఏం రాయాలో కూడా పిల్లలకు ముందే చెబుతాను. ఉద్యోగంలో రెండేళ్లు నిలబడ్డవాళ్లెవరైనా ఈ పనికి సరిపోతారు.

అపోహ: మెంటర్ ఉద్యోగం ఇప్పిస్తారు.

వాస్తవం: ఇప్పించరు. ఆ మాట మొదటి రోజే చెప్పాలి, లేదంటే మన మీద ఆశ పెట్టుకుని అప్లై చేయడం మానేస్తారు. డబ్బు కడితే ఉద్యోగమని ఎవరన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టి వెళ్లమన్నా ముందు మనకు ఫోన్ చేయమని కూడా అప్పుడే చెప్పాలి.

అపోహ: ఇంగ్లీషు రాకపోవడమే అసలు సమస్య.

వాస్తవం: కాల్ సెంటర్ ఉద్యోగానికైతే ఇంగ్లీషు కావాల్సిందే. బిల్లింగ్, స్టోర్స్, అకౌంట్స్ పనులకు ఎక్సెల్, ట్యాలీ ముఖ్యం. నాకు ఎక్కువగా కనిపించిన సమస్య వేరు. తాము చేసిన పనిని పనిగా లెక్కేసుకోరు. ఒక అబ్బాయి మూడేళ్లు వాళ్ల నాన్న కిరాణా కొట్లో అప్పు ఖాతాలు రాశాడు, సరుకు లెక్క చూశాడు. రెజ్యూమెలో మాత్రం అనుభవం లేదని పెట్టాడు. ముందు అదంతా తెలుగులో చెప్పించి, తర్వాత ఇద్దరం కూర్చుని నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాశాం. బట్టీ పట్టిన పరిచయమైతే రెండో ప్రశ్నకే నోరు మూతపడేది.

అపోహ: ఆఫర్ లెటర్ వస్తే మన పని అయిపోయినట్టే.

వాస్తవం: టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. హాస్టల్‌కు అడ్వాన్సు, నెల ఫీజు ముందే కట్టాలి. బస్ పాస్, మధ్యాహ్నం భోజనం, రెండు జతల బట్టలు. జీతం మాత్రం నెల తిరిగాకే. నెలాఖరులో చేరితే చాలా చోట్ల ఆ రోజుల డబ్బు మరుసటి నెల జీతంలో కలిపి ఇస్తారు. ఈ మధ్యలో చేతిలో పైసా లేక ఊరికి తిరిగి వెళ్లిపోయిన పిల్లలను చూశాను. ఊళ్లోవాళ్లు వాడు నిలబడలేకపోయాడంటారు. ఆ మాట వింటే నాకు చాలా బాధేస్తుంది. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో పెట్టడానికి 2014లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఈ ఇబ్బందిని ముందే గుర్తించింది. ఉద్యోగంలో చేరాక నెలకు 1,000 రూపాయల చొప్పున సొంత జిల్లాలోనైతే 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లాలోనైతే 3 నెలలు, వేరే రాష్ట్రంలోనైతే 6 నెలలు ఇవ్వాలని నిబంధనల్లో పెట్టింది. ఆ శిక్షణ ద్వారా రానివాళ్లకు ఆ కాస్త ఆసరా కూడా ఉండదు. అందుకే ఆఫర్ వచ్చిన రోజే మొదటి 45 రోజుల ఖర్చు కాగితం మీద రాయిస్తాను. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, టెన్త్ మెమోలో ఒక్క అక్షరంగా ఉంటే పీఎఫ్ దగ్గర చిక్కు వస్తుంది. అదీ అప్పుడే సరిచూస్తాం.

అపోహ: చెప్పకుండా మానేశారంటే పట్టుదల లేనట్టే.

వాస్తవం: ఒకమ్మాయి వరుసగా రెండు ఆదివారాలు రాలేదు. ఫోన్ చేస్తే కలవలేదు. రీచార్జ్‌కు డబ్బుల్లేవని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి మొదటి రోజే ఇంటి నంబరు, రూమ్మేట్ నంబరు కూడా రాసుకుంటున్నాను.