ఓవర్‌హాల్ టెండర్లు: 1984లో తెరిచిన తలుపు, తెరుచుకోని తాళం

అమెరికా వైమానిక దళం ఒక ల్యాండింగ్ గేర్ యాక్చుయేటర్ (విమాన చక్రాలను దించి, ఎత్తే పరికరం) ఓవర్‌హాల్‌కి, అంటే పూర్తిగా విప్పి బాగుచేసే పనికి, టెండరు పిలిచిందనుకోండి. ఒక చిన్న వర్క్‌షాపు దగ్గర నైపుణ్యం, టెస్ట్ బెంచి, పౌర విమానాల పనికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన రిపేర్ స్టేషన్ సర్టిఫికెట్ అన్నీ ఉన్నాయి. అయినా నోటీసులో ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది: ముందే ఆమోదం పొందిన సంస్థలకే అవకాశం. ఆ జాబితాలో చాలాసార్లు కనిపించేది తయారీదారు పేరొక్కటే.

ఈ పేచీ పాతది. 1980ల మొదట్లో విడిభాగాల ధరలు బయటపడి పెద్ద గొడవైంది. అవాక్స్ అనే రాడార్ నిఘా విమానంలోని స్టూలు కాలికి తొడిగే ప్లాస్టిక్ మూతకు 1,118 డాలర్లు, సీ-5 రవాణా విమానంలోని కాఫీ యంత్రానికి 7,622 డాలర్లు. అమెరికా చట్టసభ కాంగ్రెస్ 1984లో పోటీని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అదే ఏడాది ఇంకో నిబంధనా పెట్టింది. ముందస్తు అర్హత అడిగితే కారణం రాసి చూపాలి, అర్హత ఎలా సంపాదించాలో చెప్పాలి. జాబితాలో పేరు లేదన్న ఒక్క కారణంతో, కాంట్రాక్టు ఇచ్చేలోగా అర్హత నిరూపించుకోగలవాణ్ణి తోసిపుచ్చకూడదు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే.

తాళం ఎక్కడ పడింది? డ్రాయింగుల దగ్గర. తయారీదారు సొంత డబ్బుతో రూపొందించిన భాగానికి సాంకేతిక సమాచారం మీద ప్రభుత్వానికి దక్కే హక్కులు పరిమితం. వర్క్‌షాపు ఆ వివరాలు ఊరికే అడగడం లేదు. గీతలు పడ్డ పిస్టన్ రాడ్‌ని ఎంతవరకు గ్రైండ్ చేయొచ్చు, మళ్లీ ఎంత మందాన క్రోమ్ పూయాలి, పూతయ్యాక ఎన్ని గంటల్లోపు ఓవెన్‌లో పెట్టాలి, ఇవన్నీ తెలియాలి. ఓవెన్‌లో కాల్చడం ఆలస్యమైతే ఉక్కులో చిక్కిన హైడ్రోజన్ పగుళ్లు తెస్తుంది, అది పైకి కనబడదు. అందుకే విమాన భద్రతకు కీలకమైన భాగాల విషయంలో, డిజైన్ బాధ్యత ఉన్న విభాగం ఆమోదించిన సంస్థలకే పని ఇవ్వాలని 2003 చివర్లో వచ్చిన చట్టం అంటే తప్పు పట్టలేం.

ఇంకో హద్దూ ఉంది. డిపో స్థాయి మరమ్మతుల (ఓవర్‌హాల్ లాంటి పెద్ద పనుల) నిధుల్లో ప్రైవేటుకు పోయేది సగం దాటకూడదు. 1997 దాకా ఆ పరిమితి 40 శాతమే. మిగతా పని టింకర్, హిల్, రాబిన్స్ వంటి ప్రభుత్వ స్థావరాలదే.

పోటీ లేకపోతే ధర ఏమవుతుందో 2019లో మళ్లీ తెలిసొచ్చింది. రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ పరిశీలించిన 47 విడిభాగాల్లో 46 మీద ట్రాన్స్‌డైమ్ అనే విమాన విడిభాగాల సంస్థకు మితిమీరిన లాభం వచ్చిందని తేల్చారు. సంస్థ 1.61 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించింది.

బిడ్ వేయడానికి సాధారణంగా దొరికే గడువు ఓ నెల. ఆమోదం కోసం పంపే ఫైలులో గతంలో చేసిన ఇలాంటి పనుల రికార్డులు, ప్రాసెస్ షీట్లు, తనిఖీ పత్రాలు ఉండాలి, దాన్ని ఇంజినీర్లు చదివి తేల్చేసరికి నెలలు పడుతుంది. కాబట్టి ఆ ఫైలు టెండరు కనబడ్డాక కాదు, అంతకు చాలా ముందే వెళ్లాలి. అలా వచ్చిన ఫైళ్లను వెంటనే చూడాల్సిన బాధ్యత మాత్రం 1984 నుంచీ ప్రభుత్వానిదే.