ఊరగాయ జాడీ లాంటి కొండ

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"కొండెక్కానన్నావు, ఫోటోలో రాళ్లేవి?" అని అడిగారు కదా. ఆ కొండ మీద కాలు పెడితే రాయి తగలదర్రా, తడిసిన పరుపులా దిగబడుతుంది. పేరు హెర్మనెస్. స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. వాటిలో అన్‌స్ట్ అనే దీవి ఉత్తరపు కొసన ఉందీ కొండ. అబర్డీన్‌లో సాయంత్రం ఓడెక్కితే పొద్దున లెర్విక్‌లో దిగాం. అక్కణ్ణుంచి కారు, ఆ కారునే రెండుసార్లు పడవెక్కించాలి. ఇంతా చేసి ఎత్తు 200 మీటర్లు! మీ నానమ్మ ఒకటే నవ్వు.

కొండంతా కప్పేసిన ఆ నల్లటి మెత్తటి మట్టిని పీట్ అంటారు. మన ఊళ్లో పెంటకుప్ప ఏడాది తిరిగేసరికి ఎరువైపోతుంది. అక్కడ అవదు. ఎప్పుడూ చలి, వాన. నేల నీళ్లు వదలదు, లోపలికి గాలి పోదు. పైగా అక్కడి నాచు నీటిని పుల్లగా మార్చేస్తుంది. పులుపులో, గాలి తగలకుండా పెట్టిన మామిడిముక్క పాడవుతుందా? చచ్చిన నాచూ అంతే, పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొర పేరుకుంటుంది. ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు. మీటరు మందానికి ఎన్నేళ్లో లెక్క మీరే కట్టండి. చెట్లు కరువైన ఆ దీవుల్లో దాన్నే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టుకునేవాళ్లు. కోసే పార పేరు తుష్కర్.

దారి పొడవునా బురద ఉన్నచోటల్లా చెక్కలు పరిచారు. మన కాళ్లు తడవకుండా అనుకున్నాను. అసలు సంగతి కొండని కాపాడటం. జనం తొక్కితే నాచు చస్తుంది, నల్లమట్టి బయటపడి వానకి కొట్టుకుపోతుంది.

అక్కడ బాంక్సీ అనే పెద్ద గోధుమరంగు పక్షి నేల మీదే గూడు పెడుతుంది. దగ్గరికెళితే సూటిగా నెత్తి మీదికి దూకుతుంది! మనలో ఎత్తుగా ఉన్నదాని మీదికే వస్తుంది కాబట్టి కర్ర పైకెత్తి నడవాలట. నేను మడిచిన గొడుగు ఎత్తాను. (ఆ గాలికి గొడుగు విప్పడం మాత్రం మన వల్ల కాదు.) ఈమధ్య బర్డ్ ఫ్లూతో ఇవి చాలా చచ్చిపోయాయి, అందుకే తిట్టబుద్ధి కాలేదు.

కొండ అవతల సముద్రంలో రాతి దిబ్బ మీద మకల్ ఫ్లగ్గా లైట్‌హౌస్ కనిపించింది. 1858 నుంచి అక్కడే నిలబడి ఉంది. దాని పక్కన ఇంకో చిన్న రాయి, అంతే, బ్రిటన్ అయిపోయింది.

నా బూట్లు ఇంకా ఆరలేదు. నానమ్మ వాటిని గుమ్మం దాటి లోపలికి రానివ్వడం లేదు.

మీ తాతయ్య