గరివిడి రాయి, కళింగపట్నం ఇసక

కళింగపట్నం ఒడ్డుకి వెళ్తే పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి, కానీ కాగితంలో చుట్టి వాడండి, లేకపోతే అంటుకున్న రేణువులు ఓ పట్టాన వదలవు. అల వెనక్కిపోయాక మిగిలే నల్లటి చారల మీద దాన్ని తిప్పితే కొన్ని రేణువులు ముళ్లలా లేచి అతుక్కుంటాయి, చాలావరకు కదలవు. లేచేది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. కదలని నలుపులో ఎక్కువ ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం, దాన్ని లాగాలంటే ఇంకా బలమైన అయస్కాంతం కావాలి.

అంటుకుందో లేదో ఎవరైనా చెప్తారు. ఎంత అయస్కాంతత్వం ఉందో చెప్పడమే కష్టం. అందుకు ల్యాబుల్లో ఎక్కువగా వాడేది సైమన్ ఫోనర్ 1950లలో తయారుచేసిన వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నెటోమీటర్. చిటికెడు పొడిని సన్నటి కడ్డీ చివర బిగించి, పెద్ద విద్యుదయస్కాంతం రెండు ధ్రువాల మధ్య సెకనుకి కొన్ని పదులసార్లు ఊపుతారు. అయస్కాంతం కదిలితే పక్కనున్న తీగచుట్టలో వోల్టేజి పుడుతుంది కదా, సైకిల్ డైనమోలో జరిగేదీ అదే, ఆ వోల్టేజిని బట్టి లెక్క కడతారు. పొడిని స్టీలు పట్టకారుతో ముట్టుకోకూడదు, దాన్నుంచి రాలిన ఇనుప నలుసు చాలు కొలత పాడవడానికి.

నాకు బాగా ఇష్టమైనది తర్వాతి భాగం. బయటి అయస్కాంత క్షేత్రాన్ని పెంచుకుంటూ పోతే మాగ్నటైట్ అయస్కాంతత్వం కూడా పెరుగుతూ గ్రాముకి సుమారు 92 ఈఎంయూ (అయస్కాంతత్వాన్ని కొలిచే యూనిట్) దగ్గర ఆగిపోతుంది. క్షేత్రాన్ని సున్నాకి తెచ్చినా పొడిలో కొంత మిగిలే ఉంటుంది, అది పోవాలంటే ఎదురు దిశలో తోయాలి. ఎంత తోయాలన్నది రేణువు సైజును బట్టి మారుతుంది, పదార్థం ఒకటే అయినా సరే! పెద్ద రేణువులో రకరకాల దిశల్లో తిరిగిన చిన్న చిన్న ప్రాంతాలుంటాయి, వాటి మధ్య గోడలు జరిగితే చాలు, సులువుగా లొంగుతుంది. 50 నానోమీటర్ల దగ్గర రేణువంతా ఒకే అయస్కాంతం, మహా మొండిది. 20 కంటే చిన్నదైతే మామూలు గది వేడికే దిశ మారిపోతూ ఉంటుంది, ఏమీ గుర్తుండదు. అంటే రేణువుని కళ్లతో చూడకుండానే, క్షేత్రంతో పాటు అయస్కాంతత్వం ఎలా మారిందో గీసిన గ్రాఫుని బట్టి దాని సైజు అంచనా వేయొచ్చు.

మన విజయనగరం జిల్లా గరివిడి గనుల్లో అయస్కాంతానికి బలంగా అంటుకునే మాంగనీసు రాయి దొరికింది. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ 1908లో దానికి వ్రెడెన్‌బర్గైట్ అని పేరుపెట్టి కొత్త ఖనిజమన్నాడు. తర్వాత మైక్రోస్కోపు కింద చూస్తే అందులో రెండు ఖనిజాలు సన్నటి పొరలుగా అల్లుకుని కనిపించాయి: జాకబ్‌సైట్, హౌస్మనైట్. అంటుకునేది జాకబ్‌సైట్ ఒక్కటే.