ఎర్ర దారి, పచ్చ దారి: మనవలకు ఉత్తరం

చిరంజీవులు పెద్దబాబుకు, బుజ్జితల్లికి తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవులకు కువైట్ నుంచి వస్తున్నారని తెలిసినప్పటి నుంచి మీ నానమ్మ మామిడిపళ్ల బేరాలు మొదలుపెట్టింది. మొన్న ఫోనులో బుజ్జితల్లి అడిగింది కదా, "విమానాశ్రయంలో ఎర్ర దారిలో వెళితే పట్టుకుంటారా తాతయ్యా?" అని. ఫోనులో చెబితే సగం మాటలు గాలికి పోతాయి. అందుకే రాస్తున్నాను.

పట్టుకోరు తల్లీ. శంషాబాద్‌లో దిగి, పెట్టెలు తీసుకుని బయటికి వచ్చేచోట రెండు దారులుంటాయి. పచ్చ దారిలో నడిచారంటే, సుంకం కట్టవలసినవి గాని, నిషేధించినవి గాని తమ దగ్గర లేవని చెప్పినట్లే. నోరు విప్పనక్కరలేదు, అడుగులే వాంగ్మూలం. "నా దగ్గర ఫలానావి ఉన్నాయి, లెక్క చూడండి" అనేవాళ్లది ఎర్ర దారి. పెట్టెలో ఏముందో దాని యజమానే ప్రకటించాలని 1962 నాటి కస్టమ్స్ చట్టం 77వ సెక్షను చెబుతుంది. చెప్పుకోవలసినవి ఉంచుకుని పచ్చ దారి పట్టినవాళ్లకే చిక్కులు. ఎర్ర దారిలో వెళ్లేవాళ్లను దొంగల్లా చూసే అలవాటు మన ప్రయాణికులకు ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు.

పెద్దబాబుకు ఒక చిన్న పని. పచ్చ దారి గుర్తు ఎనిమిది భుజాలతో, ఎర్ర దారి గుర్తు చతురస్రంగా ఉండాలని అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. రంగులు పోల్చుకోలేనివాళ్లకు ఆకారమే దారి చూపుతుంది. మీరు దిగినచోట అలాగే ఉందో లేదో చూసి చెప్పు.

ఇక లెక్క. వాడుకుంటున్న బట్టలు, చెప్పుల వంటి సొంత సామానుకు సుంకం లేదు. కొత్తగా కొన్నవాటికి, కానుకలకు ఒక్కొక్కరికి ఇంత విలువ వరకు అని మినహాయింపు ఉంటుంది. 2016 నియమాల్లో అది 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నియమాలతో 75,000 అయింది. 90,000 విలువైన సామాను తెస్తే, పైనున్న 15,000 మీదే సుంకం. పసిపిల్లలకు తప్ప మీ వయసు పిల్లలకూ ఈ మినహాయింపు పూర్తిగా ఉంది. అయితే నీది నీకే, చెల్లిది చెల్లికే. మీ ఇద్దరి వాటాలూ నాన్న వస్తువుకు కలిపి లెక్క కట్టమంటే ఒప్పుకోరు. ఈ సంగతి తెలియక చాలా కుటుంబాలు కౌంటరు దగ్గర వాదించి అలసిపోతాయి. ఈ మినహాయింపుతో సంబంధం లేకుండా ఒక ల్యాప్‌టాప్ తెచ్చుకోవచ్చు కాని, అది 18 ఏళ్లు నిండినవాళ్లకే.

ఎల్‌ఈడీ, ఎల్‌సీడీ వంటి పలచని తెర టీవీ మాత్రం వేరు. 2013 ఆగస్టులో దానికి ఉచిత మినహాయింపు తీసేశారు. ఎంత చిన్నదైనా, ఎంత చవకగా దొరికినా సుంకం కట్టవలసిందే.

అమ్మ గాజుల గురించి కూడా చెప్పాలి. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే స్త్రీలు 40 గ్రాములు, పురుషులు 20 గ్రాముల వరకు నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. బంగారు బిస్కెట్లకు, నాణేలకు ఇది వర్తించదు. ఇక్కడి నుంచి తీసుకెళ్లే పాత నగలకైతే బయలుదేరే రోజునే కస్టమ్స్ వాళ్లను అడిగి ధ్రువపత్రం రాయించుకోవాలి. తిరిగొచ్చినప్పుడు అవి మనవేనని అదే సాక్ష్యం చెబుతుంది. ఈసారి మీరు వెళ్లేటప్పుడు నేనే దగ్గరుండి ఆ పని చేయిస్తాను.

పెద్దబాబూ, నీ డ్రోను సంగతి. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని మన దేశం 2022 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. దాన్ని కువైట్‌లోనే వదిలిరా. మరిచిపోయి పెట్టెలో వేసుకున్నావే అనుకో, దాచవద్దు. ఎర్ర దారికి వెళ్లి ఉన్నది ఉన్నట్లు చెప్పు. నిజం ప్రకటించినవాళ్లు, "ఇది మీ దగ్గరే ఉంచండి, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళతాను" అని అడగడానికి అదే కస్టమ్స్ చట్టం 80వ సెక్షను వీలు కల్పిస్తుంది. దాచి దొరికినవాళ్లకు ఆ వీలు లేదు, వస్తువు జప్తు కావచ్చు. చట్టమంటే శిక్షలేనని అనుకుంటారు గాని, నిజం చెప్పినవాడికి అది ఇచ్చే సౌకర్యాల గురించి ఎవరూ చెప్పరు.

నానమ్మ అడిగిన ఖర్జూరం మొక్క కూడా వద్దు. మొక్కలకు, విత్తనాలకు ముందే అనుమతి, తెగుళ్లు లేవన్న పత్రం కావాలి. అతి జాగ్రత్త అనుకోకండి. మన పొలాల గట్ల మీద తెల్లపూలు పూసే వయ్యారిభామ మనది కాదు. 1950లలో పుణే దగ్గర తొలిసారి కనబడింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఇప్పుడు రైతులు దాన్ని పీకలేక చస్తున్నారు. నానమ్మకు నేను సర్దిచెప్పుకుంటాను.

విమానాశ్రయంలో ఎవరైనా వచ్చి, "మా ఇంటికి ఈ పొట్లం అందించండి" అంటే, ఎంత తెలుగువాళ్లయినా, ఎంత మర్యాదగా అడిగినా తీసుకోవద్దు. మీ పెట్టెలో ఉన్నదానికి జవాబు చెప్పవలసింది మీరే.

సుంకం ఇంగ్లీషువాళ్లు తెచ్చిన తలనొప్పి అని నాన్న అంటాడు, నమ్మకండి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మన మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులు లాక్కునేవారట. ఇకపై నిర్ణయించిన సుంకం, అంటే ముప్పయ్యో వంతు, మాత్రమే తీసుకుంటామని ఆయన విదేశీ వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. ఎంత కట్టాలో ముందే తెలిస్తే వచ్చేవాడికి భయం ఉండదు. సెలవుల్లో బాపట్ల వైపు వెళితే ఆ మోటుపల్లి చూపిస్తాను.

బిల్లులన్నీ చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో కాదు. ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించండి, టీవీ గురించి రాసిన ముక్క రెండుసార్లు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య