దాతల పుస్తకాలకు బీరువా తాళం: ఈ గొడవ మొదలైంది 1987లో

గొడవ మళ్లీ రాజుకుంది. కర్నూలు పడమటి మండలాల్లోని ఒక ప్రాథమిక పాఠశాలలో, బీరువాలో ఉండగానే చెదలు పట్టిన కథల పుస్తకాల ఫోటో వారం రోజులుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పుస్తకాలు పంపిన వాళ్లలో ఎక్కువమంది ఇక్కడ పుట్టి హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు. అందరినీ అడిగి పోగుచేసి, లారీ కిరాయి కూడా మేమే కట్టి పంపితే కట్టలు విప్పే తీరిక కూడా టీచర్లకు లేదా అని వాళ్లు అడుగుతున్నారు. కడుపుమండి అడుగుతున్న మాటే అది, కాదనను. కానీ పోయిన పుస్తకానికి లెక్క మేమే చెప్పాలని టీచర్లు ఇస్తున్న జవాబు ఎవరూ పూర్తిగా వినడం లేదు. ఆ జవాబు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గ్రంథాలయోద్యమం, అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మన కర్నూలులోనే పుట్టారన్న సంగతి ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాల్లో వింటూనే ఉంటాం. కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. ఇవాళ్టి గొడవకు అసలు మలుపు 1987 అని నా నమ్మకం.

1986 జాతీయ విద్యావిధానం వచ్చిన మరుసటి ఏడాది ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాటితోపాటు నల్లబల్లలు, మ్యాపులు, చార్టులు, ఆటవస్తువులు, ఒక చిన్న లైబ్రరీ ఇవ్వాలన్నది పథకం. అప్పటిదాకా ఊరి బడిలో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం కనపడటమే అరుదు. అలాంటి చోటికి బొమ్మల పుస్తకాలు రావడం నిజంగా పెద్ద సంగతే. అయితే అవి వచ్చినరోజే స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాయి. కుర్చీలు, బెంచీలు, గంట, గ్లోబు ఏ రిజిస్టర్‌లో ఉంటాయో కథల పుస్తకం కూడా అదే రిజిస్టర్‌లో ఒక వరుస అయింది. తేదీ, వస్తువు పేరు, ఎన్ని, ధర ఎంత, ఎక్కడి నుంచి వచ్చింది, నిల్వ ఎంత. హెడ్‌మాస్టర్ బదిలీ అయితే కొత్తగా వచ్చినాయనకు చార్జి అప్పగించేటప్పుడు ఆ నిల్వ సరిపోవాలి. రిటైర్ అయ్యేవాళ్లకైతే నో డ్యూ సర్టిఫికెట్ దగ్గర టెన్షన్. తక్కువొస్తే జీతంలో రికవరీ పెడతారన్న భయం ఉండనే ఉంది.

ఇక ఆ పుస్తకం రెండో తరగతి పిల్లవాడి చేతికి ఎలా వెళుతుంది? వాడు దాన్ని ఇంటికి తీసుకుపోతే చెల్లెలు చింపుతుంది, వానకు తడుస్తుంది, అట్ట ఊడుతుంది. చదివే పుస్తకానికి జరిగేది అదే. రిజిస్టర్ మాత్రం దాన్ని నష్టం అంటుంది. బ్లాక్‌బోర్డ్ పథకం కింద వచ్చిన సామాను దేశమంతటా పాడవుతుందన్న భయంతో బీరువాల్లోనే ఉండిపోయిందని తర్వాత చాలామంది రాశారు. మన దగ్గరా అదే జరిగింది. పుస్తకాన్ని చదివించాల్సిన టీచరు దానికి కాపలాదారు అయ్యింది అప్పుడే.

కర్నూలు దగ్గర ఇంకో అనుభవం కూడా ఉంది. దాన్ని ఈ గొడవలో ఎవరూ గుర్తు చేయడం లేదు. 1996లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, మన రాష్ట్రంలో మొదట ఐదు జిల్లాల్లో వచ్చింది, వాటిలో కర్నూలు ఒకటి. అందులో ఏడాదికి బడికి 2,000 రూపాయలు, టీచరుకు 500 రూపాయలు ఇచ్చేవారు. ఆ ఐదొందలు బోధన సామగ్రి కోసం. అట్టముక్కలు, రంగులు, స్కెచ్ పెన్నులు కొనుక్కుని కథల కార్డులు, పదాల కార్డులు చేసుకునేవాళ్లు. తమ చేతులతో చేసుకున్న కార్డు చిరిగితే ఇంకోటి చేసుకుంటారు, అంతే. ఆ రోజుల్లో పనిచేసి ఇప్పుడు రిటైరైన ఒక టీచరమ్మను అడిగితే, పిల్లలు ఎక్కువగా ముట్టుకున్నవి ఆ కార్డులేనని, బీరువాలోని రంగురంగుల పుస్తకాలు కాదని చెప్పింది.

ఆ తర్వాత వచ్చినవన్నీ పుస్తకాలను పెంచినవే. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలి, దినపత్రిక, పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలి. 2018లో కేంద్రం పథకం సమగ్ర శిక్ష వచ్చాక బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు పెట్టారు. 2020 నవంబరులో, కోవిడ్ సమయంలో, మన రాష్ట్రంలో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం మొదలైంది. పేర్లు మారాయి, పుస్తకాలు నయమయ్యాయి, రిజిస్టర్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలో, తమ లైబ్రరీల కోసం, ఏడాదిలో చదవడానికి ఇచ్చిన వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే మామూలే అనుకోవచ్చని రాసి ఉంది. పెద్దవాళ్లు వాడే లైబ్రరీలకే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు ఆరేళ్ల పిల్లల చేతికిచ్చే పుస్తకాలకు ఎంత ఉండాలి?

ఇక దాతల సంగతి. దానంగా వచ్చిన పుస్తకాలకైనా ఈ బాధ తప్పాలి కదా అనుకుంటాం. తప్పలేదు. పుస్తకాలు అప్పగించే రోజున బ్యానర్, ఫోటో, ఎన్ని ఇచ్చారో లెక్కతో రసీదు. రసీదు మీద బడి స్టాంపు పడిందంటే అవి కూడా స్టాక్ అయినట్టే. ఆరు నెలల తర్వాత దాత ఊరికొచ్చినప్పుడు చూపించమని అడుగుతాడు కాబట్టి కొత్తవి కొత్తగానే ఉంచాలన్న ఇబ్బంది కూడా తోడవుతుంది. పైగా సంచుల్లో ఏముంటాయో నేను దగ్గరుండి చూశాను. ఈ మధ్య ఒక బడిలో ఒక సంచి విప్పితే పైన ఇంటర్ గైడ్లు, పాత ఎంసెట్ మెటీరియల్, గ్రూప్-2 బిట్‌బ్యాంకులు, పెళ్లిళ్లలో పంచిన స్తోత్రాల పుస్తకాలు, ఏదో కంప్యూటర్ కోర్సు మాన్యువల్. అడుగున, మొత్తం కలిపి జానెడు ఎత్తు కూడా లేని పిల్లల పుస్తకాలు, వాటిలోనూ చాలావరకు ఇంగ్లీషువి. ఆ బడిలో మూడో తరగతి పిల్లలు తెలుగే కూడబలుక్కుని చదువుతున్నారు. కర్నూలు పాతబస్తీలో అయితే ఉర్దూ మీడియం బడులున్నాయి, అటు కర్ణాటక సరిహద్దులో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు, వాళ్లకు ఏం కావాలని పంపే ముందు అడిగినవాళ్లు తక్కువ. మంచి మనసుతో పంపారు, అందులో అనుమానం లేదు, కానీ ఒక ఫోన్ చేసి అడిగి పంపి ఉంటే సగం కిరాయి మిగిలేది.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం ఉంటే కర్నూలు జిల్లాది 60 కూడా దాటలేదు. పడమటి మండలాల్లో దీనికి పెద్ద కారణం సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్ల నుంచి పత్తి తీయడానికి, మిరప కోతలకు గుంటూరు దిక్కు కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోతాయి, పిల్లలూ వెంట పోతారు. సీజనల్ హాస్టళ్లు ఉన్నా అందరూ పిల్లల్ని వదిలిపెట్టి పోరు. నెలల తరబడి ఆ పిల్లల చేతిలో అచ్చులో ఉన్నది ఏదీ ఉండదు. నాకు తెలిసిన ఒక టీచరు, సుగ్గికి పోయే ప్రతి పిల్లవాడి సంచిలో రెండు చిన్న పుస్తకాలు పెట్టి పంపుతాడు. బడి పుస్తకాలు కాదు, ఇరవై, ముప్పై రూపాయల పుస్తకాలు తన సొంత డబ్బుతో కొంటాడు. ఎందుకన్నా సొంత డబ్బు, బీరువా నిండా ఉన్నాయి కదా అంటే, “నావైతే పోయినా ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు” అన్నాడు. వాటిలో సగం తిరిగి రావట. వచ్చినవి మిరపకారం మరకలతో, అట్టలు లేకుండా వస్తాయట. అలా వచ్చిన పుస్తకాన్ని తెచ్చిన పిల్లవాడు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూడకుండా చెప్పేస్తాడని చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్న సంతోషం నేను విన్నాను.

అసలు దాతల మీద ఆధారపడటం ఏమిటని అడిగేవాళ్లూ ఉన్నారు, అది న్యాయమైన ప్రశ్నే. 1960 పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. బకాయిల గొడవ ఏళ్ల నుంచి సాగుతూనే ఉంది. ఆ డబ్బు రావాల్సిందే, దానికోసం కొట్లాడాల్సిందే. అయితే రేపు ఆ బకాయిలన్నీ వచ్చి పుస్తకాలు కొన్నా, వాటిని స్టాక్‌లో ఎక్కించే పద్ధతి ఇలాగే ఉంటే అవీ అదే బీరువాలోకి పోతాయి.

టీచర్లు ఇప్పుడు అడుగుతున్నది చాలా చిన్న కోరిక. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లల కథల పుస్తకాలను సుద్దముక్కల్లాగా వాడితే అయిపోయే సామానుగా రాసుకోనివ్వండి, చిరిగినవి ఏటా కొట్టేయనివ్వండి, దాతలు కూడా రసీదులో అదే మాట ఒప్పుకుని సంతకం పెట్టండి అని. దాతల్లో కొందరు దీనికి సరేనన్నారు. కొందరు, లెక్క లేకపోతే పుస్తకాలు పాత కాగితాల కొట్టుకు పోతాయని అంటున్నారు. అధికారుల నుంచి ఇంకా మాట రాలేదు. మిరప కోతలకు బండ్లు కదిలేలోపే వస్తే ఈ ఏడాది సుగ్గికి పోయే పిల్లలకు బీరువాలోని పుస్తకాలే ఇచ్చి పంపొచ్చు.