దొంగ ఒంటి మీద గాజు కవచం: ఆబ్లివియన్ గొడవ మళ్ళీ ఎందుకు లేచింది

దసరా సెలవులకు పర్లాకిమిడి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అటక మీదున్న పాత కంప్యూటర్లోంచి హార్డ్ డిస్క్ తీసి లాప్‌టాప్‌కి తగిలించాడు. అదృష్టం కొద్దీ అది పనిచేసింది. అందులో ఆబ్లివియన్ అనే కంప్యూటర్ ఆట ఫోల్డరు ఉంది. తెరిచి చూస్తే, డేటా ఫోల్డర్లో ఆట తాలూకు ఫైళ్ళ పక్కనే ఆస్కూరో ఓవర్‌హాల్ పేరుతో ఇంకో ఫైలు కనిపించింది. అది మోడ్, అంటే ఆటను మార్చడానికి ఆటగాళ్ళే తయారుచేసుకునే ఫైలు. పాత ఆబ్లివియన్ ఇప్పటిదానికన్నా మేలని ఇన్నాళ్ళూ నువ్వు చెప్పిందంతా ఈ మోడ్ గురించా అని తమ్ముడు పట్టుకున్నాడు. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని అన్న అడిగాడు. మర్నాటికల్లా సంగతి గుణుపూర్, రాయగడ, బరంపురం దాకా పాకింది. ఏప్రిల్లో మొదలై చల్లారిందనుకున్న గొడవ మళ్ళీ రాజుకుంది.

2025 ఏప్రిల్ 22న ఆ ఆట తయారుచేసిన బెథెస్డా, వర్చువోస్ అనే మరో సంస్థ కలిసి ఆబ్లివియన్‌ను కొత్త గ్రాఫిక్స్‌తో, రీమాస్టర్‌గా మళ్ళీ విడుదల చేశాయి. ప్రకటన, విడుదల రెండూ ఒకే రోజు. ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒక దశలో ఒకేసారి 2 లక్షల మందికి పైగా ఆడారు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్ళ తెలుగు కుర్రాళ్ళు కూడా ఆడారు. పాత ఆట ఆడి ఇప్పుడు ముప్పైల్లో ఉన్న అన్నలు కొన్ని రోజులకే పెదవి విరిచారు. మేం ఆడినప్పుడు లోకం లోకంలా ఉండేది, ఇందులో దారిదోపిడీ దొంగ కూడా రాజులాంటి కవచం వేసుకుని వస్తున్నాడు, ఆటను పాడుచేశారు అన్నారు. ఈ ఆటను మొదటిసారి చూస్తున్న కాలేజీ పిల్లలు ఒప్పుకోలేదు. 2006లోనూ ఇంతేనని పాత వీడియోలు తెచ్చి చూపించారు. చిన్ననాటి జ్ఞాపకాలు అన్నీ తియ్యగానే ఉంటాయని అన్నల మాట కొట్టిపారేశారు.

ఆబ్లివియన్ ఎల్డర్ స్క్రోల్స్ వరసలోది, ఆ ఆటల పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ చెప్పక్కర్లేదు. ఈ గొడవకి కావలసింది ఒక్క 2006 సంవత్సరం. ఆ ఏడాది మార్చి 20న ఆబ్లివియన్ వచ్చింది. అదే ఏడాది ఆటగాళ్ళు దాన్ని విప్పి మళ్ళీ కట్టారు. ఈ రెండో సంగతి తెలియకపోతే అన్నలు అబద్ధం చెబుతున్నట్టో, తమ్ముళ్ళకి ఏమీ తెలియనట్టో అనిపిస్తుంది.

ముందు ఆ గాజు కవచం కథ. ఆబ్లివియన్లో ఏ గుహలో ఏ జంతువు ఉండాలో, ఏ దొంగ ఏం వేసుకోవాలో చాలాచోట్ల ముందే రాసి పెట్టలేదు. ఆ చోట ఒక జాబితా ఉంటుంది. మనం అక్కడికి చేరేసరికి ఆట మన లెవెల్ (ఆటలో మనం ఎదిగిన మెట్టు) చూసి, జాబితాలోంచి దానికి సరిపోయేదాన్ని తీసి నిలబెడుతుంది. మొదటి లెవెల్లో దొంగ ఒంటి మీద బొచ్చు కవచం, చేతిలో ఇనుప కత్తి. మనం ఇరవై దాటేసరికి అదే గుహలో, అదే బతుకు బతికే దొంగ ఒంటి మీద ఆకుపచ్చగా మెరిసే గాజు కవచం ఉంటుంది. బరువు కవచాల ముఠా అయితే ఏకంగా డేడ్రిక్ కవచమే వేసుకుంటుంది. అది ఆ లోకంలోనే అతి అరుదైన సరుకని కథ చెబుతుంది. దారికాచి వంద బంగారు నాణేలు అడిగేవాడి ఒంటి మీది సరుకు అమ్మితే వాడే ఊళ్ళో ఇల్లు కొనుక్కోవచ్చు. అయినా వాడు వందే అడుగుతాడు.

దీనికి తోడు మన ఎదుగుదల లెక్క ఇంకా చిక్కు. 21 నైపుణ్యాల్లో ఏడింటిని ముఖ్యమైనవిగా ఎంచుకోవాలి. వాటిలో పది పాయింట్లు పెరిగాక మంచమెక్కి పడుకుంటే ఒక లెవెల్ పెరుగుతుంది. తెలియక పరుగు, గెంతు, బేరం లాంటివి ఎంచుకున్నవాడు ఊరికే తిరిగినందుకే లెవెల్ పెరిగిపోయేవాడు. కత్తి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టుండేది. వాడి కత్తి ఎదిగిందా లేదా అని లోకం చూడదు, లెవెల్ ఒక్కటే చూస్తుంది. పైగా ఓగర్లు, గాబ్లిన్ ముఠా నాయకుల లాంటి కొన్ని రాక్షసులకి ప్రాణశక్తి మన లెవెల్‌తో పాటు పెరుగుతూనే పోతుంది. మన ఆయుధం దెబ్బకి హద్దుంది, వాటి ప్రాణానికి లేదు. అందుకే తెలివైనవాళ్ళు తాము వాడని నైపుణ్యాలను ముఖ్యమైనవిగా పెట్టుకుని, ఏది ఎంత పెంచాలో కాగితం మీద లెక్కలు వేసుకుని ఆడారు. మంచం జోలికే పోకుండా మొదటి లెవెల్లోనే కథ ముగించినవాళ్ళూ ఉన్నారు. ఎదగకుండా ఉండడమే లాభమైన ఆటలో ఎదుగుదల ఎందుకు?

బెథెస్డా వైపు వాదన కూడా ఉంది. ఇదే వరసలో దీనికి ముందు, 2002లో వచ్చిన మారోవిండ్లో సగం ఆట అయ్యాక ఆటగాడికి ఎదురుండేది కాదు. మందులు కలపడం, వస్తువులకు మంత్రం పట్టించడం తెలిసినవాడు దేవుళ్ళతో సమానమైపోయేవాడు. దాంతో చివరి సగం చప్పగా ఉందని అప్పట్లో ఆటగాళ్ళే అన్నారు. ఎటు వెళ్ళినా, ఏ వరసలో వెళ్ళినా పోటీ ఉండాలన్నది 2006 నాటి ఆలోచన. దిక్కు చూపించే బాణం, ఎక్కడికైనా ఒక్క నొక్కుతో చేరే సౌకర్యం కూడా ఆ ఆలోచనలోంచే వచ్చాయి. మారోవిండ్లో దారి తెలియాలంటే పేజీలకు పేజీల ఇంగ్లిష్ చదవాలి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి అది గోడలా అడ్డం నిలిచేది. బాణం ఆ గోడను తీసేసింది. బరంపురం నెట్ సెంటర్లలో మారోవిండ్ కన్నా ఆబ్లివియన్ ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని తమ్ముళ్ళు చెప్పేదాంట్లో నిజముంది. కానీ బాణం వేరు, గాజు కవచం వేరు. రెండోది ఎవరికీ ఏ దారీ సులువు చెయ్యలేదు.

ఇక అసలు మలుపు. బెథెస్డా మారోవిండ్ నాటి నుంచే లోకాన్ని కట్టే పనిముట్టును కూడా ఆటగాళ్ళకు ఇస్తూ వచ్చింది. ఆబ్లివియన్‌కూ ఇచ్చింది. ఆస్కూరో అన్న పేరుతో హోర్హే సాల్గాడో అనే ఆటగాడు ఆ పనిముట్టు పట్టుకుని, 2006లోనే జాబితాలను ఒక్కొక్కటిగా విప్పాడు. అతని ఓవర్‌హాల్లో చాలా గుహలకు సొంత బలం వచ్చింది. మనం మూడో లెవెల్లో ఉన్నామా ముప్పయ్యో లెవెల్లో ఉన్నామా అన్నది గుహకి అనవసరం. దొంగల్లో పెద్దా చిన్నా తేడా వచ్చింది. మంచి కవచం అరుదైంది, అది ఎవరి ఒంటి మీదైనా కనిపిస్తే వాడు దానికి తగినవాడే. నైపుణ్యాలు నెమ్మదిగా పెరిగాయి. ఫ్రాన్సెస్కో పేరుతో ఇంకో మోడ్ ఉండేది. అది లోకం మనతో ఎదగడాన్ని పూర్తిగా తీసెయ్యకుండా హద్దుల్లో పెట్టి, ఏ మార్పు కావాలో మనల్నే ఎంచుకోమనేది. కొంతకాలానికి ఈ రెండింటినీ, మరో రాక్షసుల మోడ్‌నూ కలిపి ఆడే పద్ధతి కూడా వచ్చింది.

మన ఊళ్ళకు ఆబ్లివియన్ చేరిన దారి చూస్తే మిగతాది అర్థమవుతుంది. డబ్బా కొని ఆడినవాళ్ళు అరుదు. బరంపురంలో కాపీ డీవీడీలు దొరికేవి. పర్లాకిమిడి, గుణుపూర్ పిల్లలకు విశాఖలోనో బరంపురంలోనో చదువుకునే అన్నలు హార్డ్ డిస్కులో ఎక్కించి తెచ్చేవాళ్ళు. అలా ఆట ఊరు చేరేది. మోడ్లు దించుకోవడానికి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాడు రాత్రి 2 గంటలకి అలారం పెట్టుకునేవాడు. అప్పటి బీఎస్‌ఎన్‌ఎల్ ప్లానులో తెల్లవారుజామున 2 నుంచి 8 దాకా ఎంత దించుకున్నా లెక్కలోకి వచ్చేది కాదు. అలా కష్టపడి దించుకున్నవాడు విడిగా ఇచ్చేవాడా? అన్నీ ఒక ఫోల్డర్లో సర్ది, పనిచేస్తోందని చూసుకుని, మొత్తంగా కాపీ చేసి ఇచ్చేవాడు. తీసుకున్నవాడు ఆట ఇదేననుకునేవాడు. పర్లాకిమిడి డిస్కులో బయటపడ్డది సరిగ్గా అలాంటి ఫోల్డరే. అన్న అందులో మోడ్ పెట్టుకోలేదు, అతనికి వచ్చిన ఆటే అది.

ఈ డిస్కు దొరక్కపోయినా అన్నల మాటల్లోనే ఆధారం ఉంది. వాళ్ళు చెప్పే జ్ఞాపకాల్లో తరచూ వినిపించేది ఒకటుంది. తక్కువ లెవెల్లో ఒక గుహలోకి దూరడం, రెండు దెబ్బలకే చచ్చిపోవడం, ఆ చోటు గుర్తుపెట్టుకుని చాలా రోజులు వేరే చోట్ల తిరిగి బలం పుంజుకుని వచ్చి బదులు తీర్చుకోవడం. డీవీడీలో ఉన్న అసలు ఆబ్లివియన్లో ఈ కథకు చోటు చాలా తక్కువ. గుహ మనకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి పారిపోయే పని పెద్దగా పడదు. విండసెల్ శిథిలాల్లో అంబ్రా అనే యోధురాలు ఉంటుంది, ఆమె కొత్తవాణ్ణి నిలువునా నరికేస్తుంది. తమ్ముళ్ళు ఆమెనే ఉదాహరణగా చూపిస్తున్నారు. కానీ ఆమె మినహాయింపు. ఒక్క అంబ్రా పేరు చెప్పి అన్ని గుహల జ్ఞాపకాలను కొట్టెయ్యలేం. అన్నలు గుర్తుచేసుకుంటున్నది నిజంగా జరిగినదే, అయితే అది బెథెస్డా అమ్మిన ఆటలో జరగలేదు.

ఆ మోడ్‌ను ఏదో పిల్లల అతుకుల పనిగా చూసేవాళ్ళు తర్వాతి చరిత్ర చూడాలి. సాల్గాడోను ఆటలు తయారుచేసే అబ్సిడియన్ సంస్థ ఉద్యోగంలోకి తీసుకుంది. 2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగస్ తయారీలో అతను పనిచేశాడు. ఆ ఆట మొదట్లోనే ఊరికి ఉత్తరంగా వెళ్తే కజడోర్లనే విషపు పురుగులు చంపేస్తాయి, క్వారీ వైపు వెళ్తే డెత్‌క్లాలనే మృగాలు చీల్చేస్తాయి. బుద్ధిగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ ఆటను ఇప్పటికీ నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఈ భయాన్ని కూడా ఒక కారణంగా చెబుతారు. బెథెస్డా కూడా అక్కడే ఆగిపోలేదు. 2008లో ఫాలౌట్ 3లో, 2011లో స్కైరిమ్‌లో ప్రాంతాలకు కనీస, గరిష్ఠ స్థాయిలు పెట్టింది. మొదటిసారి అడుగు పెట్టినప్పుడు ప్రాంతం స్థాయి చాలావరకు ఖాయమైపోతుంది, తర్వాత మనతో ఎదగదు. స్కైరిమ్ ముఖ్యమైన నైపుణ్యాలను ముందే ఎంచుకునే పద్ధతినే తీసేసింది, ఏ నైపుణ్యం పెరిగినా లెవెల్‌లో కలుస్తుంది. 2006 నాటి పద్ధతిలో లోపముందని ఆ సంస్థే తన తర్వాతి ఆటలతో ఒప్పుకున్నట్టయింది.

అందుకే 2025లో ఆశ పుట్టింది. వర్చువోస్ ఆటగాడి ఎదుగుదల లెక్కను నిజంగానే బాగుచేసింది. ముఖ్యం కాని నైపుణ్యాలు పెరిగినా లెవెల్‌లో కలుస్తున్నాయి, ప్రతి లెవెల్‌కీ 12 పాయింట్లు ఇచ్చి మనకు నచ్చిన మూడు లక్షణాలకు పంచుకోమంటోంది. కాగితం, పెన్నూ అక్కర్లేదు. పరుగెత్తే వీలు కూడా పెట్టింది. అయితే జాబితాల జోలికి మాత్రం పోలేదు. గాజు కవచాల దొంగలు అలాగే ఉన్నారు. క్వాచ్ నగరాన్ని కాపాడే పని వాయిదా వేసి ఊళ్ళు తిరిగి ఇరవయ్యో లెవెల్లో వెళ్ళినవాడికి, మొదట్లో స్క్యాంపులనే చిన్న రాక్షసులు ఉండాల్సిన చోట డేడ్రాత్‌లనే పెద్ద రాక్షసులు ఎదురొస్తాయి. కష్టం స్థాయిల్లో అడెప్ట్‌కీ ఎక్స్‌పర్ట్‌కీ మధ్య అగాధం ఉందని జనం మొత్తుకుంటే, జులై అప్‌డేట్‌లో మధ్యలో ఇంకో మెట్టు వేశారు. అది దెబ్బల లెక్కను సర్దింది, లోకాన్ని కాదు.

పాత ఆటను ఉన్నది ఉన్నట్టు చూపించడమే రీమాస్టర్ పని, లోపాలు కూడా చరిత్రలో భాగమే అన్నది తమ్ముళ్ళ వాదనలో గట్టి ముక్క. ఆ మాట నిలబడాలంటే ఎదుగుదల లెక్కను కూడా ముట్టుకోకూడదు కదా. ముట్టుకున్నారు, సరిచేశారు, అందరూ మెచ్చుకున్నారు. సగం పాలు చరిత్ర, సగం పాలు మరమ్మతు అయినప్పుడు మిగిలిన సగం సంగతి అడిగే హక్కు అన్నలకుంది. పాతది కావాలన్నవాడి కోసం మెనూలో ఒక మీట పెడితే సరిపోయేది.

తమ్ముళ్ళు ఇంకోటి కూడా అంటున్నారు: మోడ్ వేసుకోండి, ఎవరు వద్దన్నారు అని. ఈసారి బెథెస్డా మోడ్లకు అధికారికంగా సాయం ఇవ్వలేదు. అయినా విడుదలైన కొన్ని రోజులకే ఆటగాళ్ళు దారి కనిపెట్టి, జాబితాలు సరిచేసే మోడ్లు తెచ్చేశారు. అయితే 2006 నాటి ఆటకు 512 ఎంబీ ర్యామ్, 4.6 జీబీ జాగా చాలేది. ఇప్పుడు కనీసం 16 జీబీ ర్యామ్, 125 జీబీ జాగా కావాలి. గుణుపూర్లోనో రాయగడలోనో అంత కంప్యూటర్ ఉన్నవాడు వాడలో ఒకడుంటే గొప్ప. మిగతావాళ్ళు వాడింటికి వెళ్ళి వంతులవారీగా ఆడుతున్నారు. ఆ ఒక్కడు ఏ మోడ్ వేస్తే వాడంతటికీ అదే ఆబ్లివియన్. పర్లాకిమిడి అన్న సెలవులు అయ్యి వెళ్ళేలోపు తమ్ముడి కంప్యూటర్లో అలాంటి మోడ్ ఒకటి ఎక్కించాడు. తమ్ముడు దాన్ని తీసెయ్యలేదు గాని, పాత సేవ్ ఫైళ్ళన్నీ వేరే ఫోల్డర్లో దాచుకున్నాడు.